మధ్యవర్తి యెదుటికి పోవువారు న్యాయవాదిని ఎన్నుకొనుట

 

పల్లెలో తగవు పుట్టగానే మొట్టమొదట వినవచ్చు మాట "కోర్టు కెందుకు? మధ్యవర్తులను పెట్టుకొందము" అనునది. ఈ మాట మంచిదే. ఓడినవాడు కోర్టులో ఏడ్చెను, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెను అను సామెత ఊరక పుట్టలేదు. తండ్రి నాటి గట్టు తగాదా మనుమని నాటికిని తెగకుండుట మీలో పెక్కురు కన్నులార చూచియే యుందురు. కాని ఆ మంచి మాటలోనే ఒక చిక్కు దాగియున్నది. దానిని విప్పి చెప్పుటయు, ఆ చిక్కులో పడకుండుటకు న్యాయవాది సాయమును ఎప్పుడు, ఎట్లు పొందవలెనో తెలుపుటయు నేటి ప్రసంగమునకు ఉద్దేశము.

ఆ చిక్కు ఏమనగా, "మధ్యవర్తి" అను ఒక్క మాటతో మనము ఇద్దఱు వేర్వేఱు వ్యక్తులను పిలుచుచున్నాము. మొదటివాడు ఇరుపక్షములను ఒకచోట కూర్చుండబెట్టి, ఒకరి బాధ నొకరికి వినిపించి, వారి నోటనే రాజీమాట రప్పించువాడు. ఇతనికి తీర్పు చెప్పు అధికారము లేదు. నచ్చనివాడు ఎప్పుడైనను లేచి పోవచ్చును. కోర్టులలో ఇతనిని మీడియేటరు అందురు. నేను నేడు ఇతనిని సంధికర్త యని పిలిచెదను. రెండవవాడు ఇరువురి వాదమును, సాక్ష్యమును విని, తప్పొప్పులు నిర్ణయించి తానే తీర్పు చెప్పువాడు. ఇతనిని ఆర్బిట్రేటరు అందురు. ఇతనిని తీర్పరి యని పిలిచెదను. తీర్పరి యెదుటినుండి లేచి పోయినను తీర్పు ఆగదు. ఆ తీర్పు కోర్టు డిక్రీవలెనే అమలు జరుగును. సంధికర్త యెదుట మీ యిష్టము మీ చేతిలో నుండును. తీర్పరి యెదుట ఒకసారి చేవ్రాలు పడిన పిమ్మట ఉండదు. భేదము ఇంత పెద్దది. మాట మాత్రము ఒక్కటే.

ఒక ఉదాహరణము చెప్పెదను. బావయు బావమఱదియు కలసి ఒక బియ్యపుమిల్లు పెట్టిరనుకొందము. భాగస్వామ్యపత్రమును వ్రాసిన లేఖరి వాడుక చొప్పున చివర ఒక వాక్యము చేర్చెను: భాగస్థుల నడుమ వివాదము కలిగినచో మధ్యవర్తుల మూలమున పరిష్కరించుకొనవలెను అని. ఇరువురును చదువకయే చేవ్రాలు చేసిరి. ఆఱేండ్లకు లెక్కలలో తేడా వచ్చెను. ఊరిలో నలుగురు పెద్దలు కూర్చుండి నచ్చజెప్పుదురని బావ తలపోసెను. తీర్పరిని నియమించి తీర్పు పొందెదనని బావమఱది తన న్యాయవాదిచేత నోటీసు పంపించెను. పత్రములోని వాక్యమొక్కటే, ఎవరి యర్థము వారిది. ఇక ఆ వాక్యమున కర్థమేమో, దాని ప్రకారము తీర్పరి నెవరు నియమింపవలెనో తేల్చుకొనుటకే హైకోర్టుదాక పోవలసివచ్చును. కోర్టును తప్పించుకొనుటకు వ్రాసిన వాక్యమే కోర్టుకు దారి చూపెను. పత్రము వ్రాసిన నాడు ఒక్క గడియసేపు తెలిసిన న్యాయవాదికి చూపియుండినచో ఈ తిప్పలు లేకుండెడివి.

కావున నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇది: ఈ విషయములో న్యాయవాది యొద్దకు పోవలసినది తగవు వచ్చిన పిమ్మట కాదు, చేవ్రాలు చేయక ముందు.

నలుగురిలో తగవు తీర్చుకొనుట మనకు క్రొత్త కాదు. యాజ్ఞవల్క్యస్మృతిలోనే పూగము, శ్రేణి, కులము అను మూడు సభలు వ్యవహారములను విచారించునట్లు చెప్పబడినది. పూగమనగా ఒకచోట నివసించు జనుల సమూహము, శ్రేణి యనగా ఒక వృత్తి చేయువారి కూటమి, కులమనగా బంధువర్గము. ఆంగ్లేయుల పాలనలో 1899లోను, 1940లోను ఆర్బిట్రేషను చట్టములు వచ్చినవి. 1940 నాటి చట్టమును తొలగించి మన పార్లమెంటు 1996లో క్రొత్త చట్టము చేసినది. 2015, 2019, 2021 సంవత్సరములలో దానిని సవరించినది. నేడు తీర్పరుల వ్యవహార మంతయు ఆ చట్టము చొప్పుననే నడచుచున్నది. సంధికర్తల విషయమై 2023లో వేఱుగా ఒక చట్టము చేయబడినది. ఆ చట్టములోని ప్రకరణములన్నియు ఒక్కసారిగా అమలునకు రాలేదు. 2023 అక్టోబరు 9వ తేదీన కొన్నియే అమలులోనికి వచ్చినవి. తన పనికి వలసిన ప్రకరణము అమలులో నున్నదో లేదో న్యాయవాదిని అడిగి తెలిసికొనుట మంచిది.

పాత పంచాయతీ తీర్పునకు ఊరి కట్టుబాటే బలము. నేటి తీర్పరి తీర్పునకు కోర్టు అమీనా బలము. ఈ మార్పును గుర్తింపక, వెనుకటి రోజులలోవలె "పెద్దమనుషులు కదా, ఏదో ఒకటి చెప్పుదురు" అని ఏమరియుండుట నేడు ప్రమాదకరము.

ఒప్పందపు కాగితము చేతికి వచ్చినప్పుడు న్యాయవాదిని ఐదు ప్రశ్నలు అడుగుడు.

మొదటిది: ఇందు చెప్పబడిన మధ్యవర్తి సంధికర్తయా, తీర్పరియా? ముందు సంధికి ప్రయత్నించి, అది కుదరనిచో తీర్పరి యొద్దకు పోవలెనని వ్రాసికొనుటయు కలదు. అట్లు వ్రాసికొన్నచో సంధికి ఎన్ని దినముల గడువో గూడ వ్రాసికొనవలెను.

రెండవది: తీర్పరిని ఎవరు నియమింతురు? ఎదుటి పక్షమే నియమించునని వ్రాసియున్నచో అది మనకు కీడు. తగవుతో సంబంధము గల పక్షము తానొక్కతెయే ఏకైక తీర్పరిని నియమింపరాదని సుప్రీంకోర్టు 2019లో చెప్పినది. 2024లో రాజ్యాంగ ధర్మాసనము గూడ ఏకపక్ష నియామకమును సమానత్వమునకు విరుద్ధమనెను.

మూడవది: ఎందఱు తీర్పరులు? మన పల్లెలలో ఇటొకరు, అటొకరు అని ఇరువురిని పెట్టుకొను వాడుక గలదు. చట్టము మాత్రము తీర్పరుల సంఖ్య సరిసంఖ్య కారాదనుచున్నది. ఒక్కడు గాని, ముగ్గురు గాని యుండవలెను. చెరియొకరిని ఎన్నుకొన్నచో ఆ ఇరువురును కలసి మూడవవానిని ఎన్నుకొందురు. సంఖ్య యేమియు వ్రాయనిచో ఒక్కడే తీర్పరి యగును.

నాలుగవది: స్థానమెచ్చట? ట్రాక్టరు కొఱకు అప్పు తీసికొను రైతు సంతకము చేయు పత్రముల దొంతరలో ఈ వాక్యము చిన్న అక్షరములలో నుండుట కలదు. అందు చెన్నైయో, ముంబయియో స్థానముగా వ్రాసియున్నచో, తీర్పుపై అభ్యంతరము చెప్పుకొనుటకు ఆ నగరపు కోర్టుకే పోవలసివచ్చును. ఒక వాయిదాకు పోయివచ్చు ఖర్చుతోనే సామాన్యుని పట్టుదల సడలిపోవును.

ఐదవది: ఖర్చెంత? దీనిని గూర్చి కొంచెము లెక్క చెప్పెదను. 1996 చట్టమునకు 2015లో చేర్చిన నాలుగవ అనుబంధములో తీర్పరుల ప్రతిఫలమునకు ఒక నమూనా పట్టిక గలదు. వివాదపు మొత్తము 5 లక్షల రూపాయల వఱకు ఉన్నచో ప్రతిఫలము 45,000 రూపాయలు. ఆపైన 20 లక్షల వఱకు, 5 లక్షలను మించిన మొత్తముపై నూటికి మూడున్నర చొప్పున అదనము. తీర్పరి ఒక్కడే యైనచో మొత్తముపై నాలుగవ వంతు హెచ్చు. ఈ లెక్కన 8 లక్షల తగవునకు ఏకైక తీర్పరి ప్రతిఫలము 69,375 రూపాయలగును. లక్ష రూపాయల తగవునకు 56,250 రూపాయలగును. న్యాయవాది ప్రతిఫలము వేఱు. ఇది నమూనా మాత్రమే. ఇరుపక్షములు తక్కువకు ఒప్పందము చేసికొనవచ్చును. తీర్పరి తన ప్రతిఫలమును తానొక్కడే నిర్ణయించుకొనరాదని సుప్రీంకోర్టు 2022లో చెప్పినది. అయినను లక్ష రూపాయల తగవునకు సగము సొమ్ము తీర్పరికే పోవు దారి తెలివిగల దారి కాదు. అట్టి చిన్న తగవులకు సంధికర్త గాని, లోకదాలతు గాని తగును. ఈ మాటను మొదటి దినముననే నిర్మొగమాటముగా చెప్పు న్యాయవాది మంచి న్యాయవాది.

ఇక, చేవ్రాలు ఎప్పుడో జరిగిపోయినది, నేడు ఇంటికి నోటీసు వచ్చినది అనుకొందము. దానిపై కోర్టు ముద్ర యుండదు. అది చూచి "ఇది బెదిరింపు కాగితమే గాని కోర్టు సమను కాదు" అని మూలకు పడవేయువారు కలరు. మఱికొందఱు టపాబంట్రోతు తెచ్చిన రిజిస్టరు కవరును పుచ్చుకొనక త్రిప్పి పంపుదురు. ఈ రెండును మిక్కిలి హానికరములు. మీరెఱిగించిన చిరునామాకు సక్రమముగా పంపిన నోటీసు అందినట్లే చట్టము భావించును. మీరు రాకున్నను తీర్పరి విచారణ సాగించి, తన యెదుట నున్న సాక్ష్యమును బట్టి తీర్పు చెప్పవచ్చును. కావున నోటీసు వచ్చిన వారములోపుగా న్యాయవాదిని చూడుడు. తీర్పరి నియామకము న్యాయమైనదా, అతనికి ఈ తగవును వినుటకు అధికారమున్నదా, అతడు ఎదుటిపక్షమునకు బంధువో, ఉద్యోగియో, సలహాదారో అగునా అనునవి న్యాయవాది పరిశీలింపవలసిన విషయములు. అధికారము లేదను అభ్యంతరమును మన జవాబు దాఖలు చేయు నాటికే చెప్పవలెను. ఓడిన పిమ్మట జ్ఞాపకము వచ్చిన అభ్యంతరమునకు విలువ తక్కువ.

దీనికి ఎదురైన సందర్భమొకటి కలదు. పత్రములో తీర్పరి వాక్యముండగా ఎదుటివాడు నేరుగా సివిలు కోర్టులో దావా వేయవచ్చును. అప్పుడు తగవును తీర్పరికి పంపుడని కోరదలచినవారు, వివాదమును గూర్చిన తమ మొదటి జవాబు దాఖలు చేయు నాటికే ఆ దరఖాస్తు పెట్టవలెను. జవాబు వేసి వాదించి, పిదప తీర్పరి కావలెననుట చెల్లదు.

మిల్లులో ధాన్యమును, యంత్రమును ఎదుటివాడు రహస్యముగా అమ్మివేయునను భయమున్నచో తీర్పు వచ్చువఱకు ఆగనక్కఱలేదు. అమ్మకమును నిలుపు తాత్కాలికపు టుత్తరువును కోర్టునుండి గాని, విచారణ మొదలైన తరువాత తీర్పరినుండి గాని పొందవచ్చును. కోర్టునుండి ముందుగా పొందినచో 90 దినములలో తీర్పరి వ్యవహారమును ప్రారంభింపవలెను.

కాలపరిమితిని గూర్చి ఒక హెచ్చరిక. బాకీ సొమ్మునకు సాధారణముగా మూడేండ్ల గడువు. ఊరిలో పెద్దలు మాటలాడుచున్నారు గదా యని ఆ గడువు ఆగదు. "వచ్చే పంటకు ఇచ్చెద" నను నోటిమాటతో ఏండ్లు గడపి, గడువు దాటిన పిమ్మట న్యాయవాది యొద్దకు పోయినచో అతడు మాత్రము ఏమి చేయగలడు? గడువు లోపల బాకీని ఒప్పుకొని చేవ్రాలు చేసిన కాగితము తీసికొన్నచో ఆనాటినుండి గడువు మఱల లెక్కింపబడును.

తీర్పరి వ్యవహారము ఎంతకాలము నడచును? ఇరుపక్షముల వాదపత్రములు ఆఱు నెలలలో పూర్తి కావలెను. అవి పూర్తియైన నాటినుండి పండ్రెండు నెలలలో తీర్పు రావలెను. ఇరువురును ఒప్పుకొన్నచో మఱి ఆఱు నెలలు పొడిగింపవచ్చును. ఆపైన కోర్టు అనుమతి కావలెను.

తీర్పు వచ్చిన దినము మూడవ ముఖ్యమైన దినము. కోర్టు తీర్పుపైన అప్పీలున్నట్లు దీనిపైన అప్పీలున్నదని భ్రమపడకుడు. తీర్పును కొట్టివేయుమని కోర్టును కోరుటకు కొన్ని కారణములే కలవు: నోటీసు అందకుండుట, వాదించుకొన అవకాశము లేకుండుట, ఒప్పందమే చెల్లకుండుట, తనకు అప్పగింపని విషయమున తీర్పరి తీర్పు చెప్పుట, మోసము, లంచము మొదలగునవి. తీర్పరి సాక్ష్యమును సరిగా తూచలేదనుట సాధారణముగా చాలదు. ఆ కోరికకును గడువు తీర్పు ప్రతి అందిన నాటినుండి మూడు నెలలు. తగిన కారణము చూపినచో మఱి 30 దినములు. ఆపైన తలుపు మూసికొనును. అందుచేత తీర్పు ప్రతి అందిన తేదీని కవరుపైననే వ్రాసియుంచుకొని, ఆ వారముననే న్యాయవాదిని కలిసికొనవలెను. తీర్పు భూమి పంపకములవంటి స్థిరాస్తి హక్కులను గూర్చినదైనచో స్టాంపును, రిజిస్ట్రేషనును గూర్చి గూడ అడుగవలెను.

ఇట్టి పనికి ఎట్టి న్యాయవాది కావలెను? గట్టిగా అఱచువాడు, ఎదుటివానిని చీల్చి చెండాడువాడు మేటి వకీలని మనలో ఒక నమ్మకమున్నది. సంధికిని, తీర్పరి విచారణకును ఆ గుణము చాలదు. దీనికి ఒక పాతకథ సాక్ష్యము. 1893లో దాదా అబ్దుల్లా అను వర్తకుడు తన వ్యాజ్యములో సాయమునకై ఒక యువ న్యాయవాదిని దక్షిణాఫ్రికాకు రప్పించుకొనెను. ఆ న్యాయవాది మోహనదాసు కరంచందు గాంధీ. ఎదుటిపక్షమువాడు తయ్యబు సేటు. ఇరువురును ఒక్క యూరివారు, బంధువులు. వ్యాజ్యము 40,000 పౌనులకు సంబంధించినది. గాంధీగారు లెక్కలన్నియు చదివిరి. తమ పక్షము బలమైనదని తెలిసికొనిరి. అయినను వ్యాజ్యము సాగినకొలది ఇరుపక్షముల వకీళ్ల ఖర్చులకే వారి యాస్తి కరగిపోవునని గ్రహించిరి. తయ్యబు సేటును కలిసికొని, తగవును తీర్పరికి అప్పగింప నొప్పించిరి. తీర్పు దాదా అబ్దుల్లాకు అనుకూలమాయెను. తయ్యబు సేటు సుమారు 37,000 పౌనులును, ఖర్చులును ఇయ్యవలసివచ్చెను. అంత సొమ్ము ఒక్కసారిగా ఇయ్యవలసినచో అతడు దివాలా తీయవలసినదే. అప్పుడు గాంధీగారు తమ కక్షిదారునే బ్రతిమాలి, దీర్ఘకాలపు వాయిదాలలో సొమ్ము పుచ్చుకొనుటకు ఒప్పించిరి. తీర్పరి యొద్దకు పోవుటకు ఒప్పించుట కంటె ఈ వాయిదాలకు ఒప్పించుటయే తమకు కష్టమైనదని తమ ఆత్మకథలో వ్రాసికొనిరి. తుదకు ఇరువురి గౌరవమును నిలిచెను.

ఇందు మనము నేర్చుకొనవలసినది రెండు సంగతులు. కాగితములన్నియు క్షుణ్ణముగా చదివి, తన పక్షపు బలము తెలిసినవాడే సంధిమాట ధైర్యముగా పలుకగలడు. గెలిచిన పిమ్మట ఎదుటివాడు ఎట్లు చెల్లించునో గూడ ఆలోచించువాడే సమర్థుడైన న్యాయవాది.

న్యాయవాదిని ఎన్నుకొనునపుడు మొగమాటపడక అడుగుడు: "అయ్యా! తమరు ఇంతకు మునుపు తీర్పరి యెదుట వాదించినారా? సంధి సమావేశములలో కూర్చుండినారా? ఎదుటిపక్షము తరపున ఎప్పుడైనను పనిచేసినారా? మా పని తమరే చూతురా, జూనియరుకు అప్పగింతురా?" ఇట్లడుగుట అవమానము కాదు. పేరు పొందిన న్యాయవాది యెవరును దీనికి కోపగించుకొనరు. "ఇద్దఱికిని ఒక్క ప్లీడరుగారే చూతురులే" అను వాడుక పల్లెలలో కలదు. అది తగదు. ఒక పక్షమునకు సలహా చెప్పినవాడు అదే తగవులో తీర్పరి కారాదు. ఎదుటిపక్షమునకు న్యాయవాదియు కారాదు.

న్యాయవాదులు తమను గూర్చి ప్రకటనలు వేసికొనరాదని, మనుషులను పంపి పని రప్పించుకొనరాదని బారు కౌన్సిలు నియమము. కావున బస్సు దిగగానే భుజముపై చేయివేసి "మా వకీలుగారు గెలిపింతురు" అను దళారిని నమ్మకుడు. వచ్చిన సొమ్ములో వాటా కావలెనని బేరమాడుటయు ఆ నియమముల చొప్పున నిషిద్ధము. గెలుపునకు పూచీ యిచ్చువానికంటె, ఓడిపోవుటకు గల కారణములను గూడ చెప్పువాడు నమ్మదగినవాడు. ప్రతిఫలమెంత, ఏ పనులకు ఎంత, ప్రయాణపు ఖర్చులెవరివి, టైపు ఖర్చులెవరివి అను సంగతులను ఒక కాగితముపై వ్రాయించుకొనుడు. ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు పుచ్చుకొనుడు. అసలు దస్తావేజులను ఊరక వదలిరాక, నకళ్లు ఇచ్చి, అసలు చూపి తిరిగి తెచ్చుకొనుడు. ఒకవేళ న్యాయవాదిని మార్చుకొనవలసివచ్చినచో, ప్రతిఫలము బాకీ యున్నదని చెప్పి అతడు మీ కాగితములను నిలుపుకొనరాదని సుప్రీంకోర్టు 2000 సంవత్సరములో తీర్పు చెప్పినది.

సంధికర్త యెదుట న్యాయవాది పని వేఱుగా నుండును. అక్కడ వాదనకంటె వినుట ముఖ్యము. మాటలాడవలసినవారు తగవు పడినవారే. అన్నదమ్ములు పదేండ్లుగా చెప్పుకొనని మాట అచ్చట బయటపడును. ఆ సమావేశమున పలికిన మాటలు గోప్యములు. వానిని తరువాత కోర్టులో సాక్ష్యముగా చూపరాదు. న్యాయవాది ప్రక్కన కూర్చుండి, "ఇది ఒప్పుకొన్నచో నీకు లాభమిది, నష్టమిది, ఒప్పుకొననిచో కోర్టులో జరుగగలది యిది" అని చెవిలో చెప్పవలెను. రాజీ కుదిరిన పిమ్మట అతని అసలు పని మొదలగును. "అన్న దారి విడుచును, తమ్ముడు నీరు విడుచును" అని వ్రాసిన రాజీ మఱుసటి యేటికే మఱల తగవగును. ఏ సర్వే నంబరులో, ఏ గట్టు వెంబడి, ఎన్ని గజముల వెడల్పు దారి. బోదెకాలువ నీరు ఏ దినమున ఎవరికి. సొమ్ము ఎంత, ఏ తేదీలోపుగా. తప్పినచో ఏమగును అనునవన్నియు వ్రాయించుట న్యాయవాది బాధ్యత. కోర్టు పంపిన సంధిలో కుదిరిన రాజీని కోర్టు తన డిక్రీలో చేర్చును. కోర్టు బయట కుదిరిన రాజీకి బలమెట్లు కలుగునో ముందే అడిగి తెలిసికొనవలెను.

ఇప్పుడు పెద్దలారా, మీకే సంబంధించిన మాట యొకటి. రచ్చబండమీద ఇరుపక్షములవారు "మీరేమి చెప్పిన అది మాకు శిరోధార్యము" అని కాగితము వ్రాసి చేవ్రాలు చేసి మీ చేతి కిచ్చినచో, మీకు తెలియకయే మీరు చట్టము చొప్పున తీర్పరులు కావచ్చును. అట్టి కాగితము పుచ్చుకొనక ముందు మీరును ఒక న్యాయవాది సలహా తీసికొనుడు. పక్షములలో నెవరితోనైనను మీకు చుట్టఱికము గాని, ఇచ్చిపుచ్చుకొనుటలు గాని యున్నచో వ్రాతమూలకముగా ముందే తెలుపవలెను. ఇరువురకును సమానముగా వినిపించుకొను అవకాశ మీయవలెను. ఒకడు లేనప్పుడు రెండవవాని మాట వినరాదు. తీర్పును వ్రాసి, కారణములు తెలిపి, తేదీయు స్థలమును వేసి, చేవ్రాలు చేసి, ఇరుపక్షములకును ప్రతులు ఇయ్యవలెను.

నేరములు, వివాహము రద్దు, మైనరుల సంరక్షణ, దివాలా వంటి విషయములు తీర్పరి కప్పగింపదగినవి కావు. జుల్మానాలు వేయుట, వెలివేయుట మన అధికారములో లేవు. యుక్తవయస్కులైన ఇరువురు చేసికొన్న వివాహములో సమూహములు కలుగజేసికొనుట చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2018లో స్పష్టముగా చెప్పినది. ఊరి శాంతికి భంగము కలిగించు తగవులకై సామాజిక మధ్యవర్తిత్వమను భాగమొకటి 2023 చట్టములో కలదు. కాని అందు కుదిరిన రాజీ కోర్టు డిక్రీవలె అమలు కాదని ఆ చట్టమే చెప్పుచున్నది. దాని బలమంతయు మీ మాటయందలి గౌరవమే.

న్యాయవాదిని పెట్టుకొను శక్తి లేనివారు ఏమి చేయవలెను? 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము చొప్పున స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులములవారికి, షెడ్యూల్డు తెగలవారికి, వికలాంగులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము లభించును. ఇతరులలో పెక్కురకు ఆదాయపు పరిమితి కలదు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థను గాని, మండల న్యాయసేవా సమితిని గాని అడుగవచ్చును. లోకదాలతులో కుదిరిన రాజీ డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కోర్టులో నడచుచున్న దావా అచ్చట తీరినచో చెల్లించిన కోర్టు రుసుము తిరిగి వచ్చును. అప్పీలు లేదు గనుక అచ్చట గూడ చేవ్రాలు చేయుటకు ముందు చదివించుకొని వినుడు.

అందఱును ప్రతి చిన్న మాటకును న్యాయవాది యొద్దకు పరుగెత్తవలెనని నేను చెప్పుట లేదు. సరిహద్దు రాయి నాలుగు వ్రేళ్లు జరిగినచో దానిని మీరే సరిచేయగలరు. కాని కాగితముపై మధ్యవర్తి అను మాట కనబడిన నాడు మాత్రము వ్రేలు ఆపి, కలము క్రిందపెట్టి, ఒక్క ప్రశ్న అడుగుడు: "ఈ మధ్యవర్తి మమ్ము కలుపువాడా, మాకు తీర్పు చెప్పువాడా?" ఆ ప్రశ్నకు స్పష్టముగా జవాబు చెప్పి, దానిని అట్లే వ్రాయించువాడే మీకు కావలసిన న్యాయవాది. ఆ ఒక్క ప్రశ్న అడిగియుండినచో మన బావయు బావమఱదియు నేటికిని ఒక్క మిల్లులోనే ధాన్యము ఆడించుకొనుచుందురు.